తలుపు లోపలి కుర్చీ

పిలవని పేరంటానికి వెళ్లడం సిగ్గుచేటు అంటారు. మన అమీనా గారికి ముప్పై ఏళ్లుగా అదే ఉద్యోగం. కోర్టులో జడ్జీ గారు తీర్పు చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకుని, లేచి లోపలికి వెళ్లిపోతారు. ఆ తీర్పును మోసుకెళ్లి మనుషుల గుమ్మాల్లో దించేది అమీనా. ఇల్లు ఖాళీ చేయించాలన్నా, తలుపుకు తాళం వేసి సీలు కొట్టాలన్నా, సమన్లు చేతికివ్వాలన్నా ఆయనే పోవాలి. చెప్పినవారి మొహం ఎవరికీ గుర్తుండదు. తెచ్చినవాడి మొహం మాత్రం మనవల దాకా చెప్పుకుంటారు.

అందుకే ఆయనకు వేరే పేరంటూ మిగల్లేదు. వీధిలో అమీనా గారు, పాలకొట్టు దగ్గర అమీనా గారు, ఆస్పత్రి చీటీ మీద కూడా ఒకసారి అమీనా అనే రాశారు. ఉండేది కోర్టు వెనక సందులో, కళ్లజోళ్ల కొట్టు పైన ఒక గది. ఒక మంచం, ఒక స్టవ్వు, రెండు కుర్చీలు. రెండో కుర్చీ మీద ఉతికిన బట్టలుంటాయి. దాని మీద మనిషి కూర్చుని ఎన్నేళ్లయిందో ఆ కుర్చీకే తెలియాలి.

ఆయన తలుపు తట్టే తీరు చెప్పాలి. వేళ్ల కణుపులతో కాదు, బిగించిన గుప్పెట అడుగుతో తడతారు. మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ మూడు. తట్టగానే పక్కకు తప్పుకుని గోడకు ఆనుకుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంటి తలుపు తెరుచుకోవడమూ, సలసల కాగే నీళ్లు మెడ మీద పడటమూ ఒక్కసారే జరిగాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచి ఏ తలుపుకూ ఎదురుగా నిలబడింది లేదు. తట్టాక నోరు మెదపకుండా చెవి ఒగ్గి వినాలి. లోపల ఫ్యానో, కుళాయో, మాటలో ఉన్నట్టుండి ఆగిపోతే మనిషి ఉన్నట్టు, తీయదలచుకోనట్టు. అలా వినడంలో ఆయనకు సాటి లేరు. విన్నాక గొంతెత్తి, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టి పిలవాలి. అది రూలు.

వయసులో ఉండగా పిల్లను చూడటానికి ఒక ఇంటికి వెళ్లారు. అక్కా బావా బండి దిగుతుంటే ఈయన ముందుగా నడిచి తలుపు తట్టారు. పిల్ల తండ్రి తలుపు తీసి, ముందెవరూ కనబడక, పక్కకు తిరిగి గోడకు ఆనుకున్న ఈయన్ని చూసి, చేతులు జోడించి, "ఇంకొక్క వారం గడువిప్పించండి బాబూ" అన్నాడు. ఆ సంబంధం అక్కడితో సరి. అక్క దారి పొడవునా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఈయనా నవ్వారు. ఆ తర్వాత వచ్చిన సంబంధాలు కూడా అమీనా అనే మాట వినగానే వచ్చిన దారినే పోయాయి.

ఆ అక్కే ఈయన్ని పెంచింది. అమ్మ పోయేనాటికి ఈయనకింకా మాటలు సరిగ్గా రాలేదు. అక్క అసలు పేరే అక్క అనుకునేవారు చిన్నప్పుడు. బడిలో చేర్చుకునే పంతులు గారు "నిన్ను తీసుకొచ్చిన అమ్మాయి పేరేంట్రా?" అని అడిగితే "అక్క" అన్నారు. "అది సరేలే, పేరు?" అంటే ఏడ్చారు. అంత దగ్గరి మనిషి. ఇప్పుడు ఇద్దరి మధ్యా పలకరింపు లేక ఆరేడేళ్లయింది.

జరిగిందేమిటంటే, అక్కావాళ్లుంటున్న ఇంటి మీద బావకూ ఆయన పెదనాన్న కొడుక్కూ దావా నడిచింది. నడిచి నడిచి బావ ఓడిపోయాడు. ఇల్లు ఖాళీ చేయించమన్న వారంటు తిరిగి తిరిగి మన అమీనా గారి చేతికే వచ్చింది. బంధువుల ఇంటి కాగితమైతే వెంటనే నాజరు గారికి, అంటే అమీనాల మీది అధికారికి, చెప్పి వేరేవారికి అప్పగించాలి. ఈయనకు ఆ సంగతి తెలియక కాదు. వేరేవాడు వెళ్తే అక్క గిన్నెలు వీధిలోకి గిరాటేస్తాడు, నేనైతే ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి పదిలంగా బండెక్కిస్తాను అనుకున్నారు. ఇలాంటి ప్రేమ అమీనాలకే వస్తుంది. నోరు మూసుకుని వెళ్లారు, చంకలో పాత పేపర్ల కట్టతో, తాళ్లతో.

తీరా వెళ్తే అవతలి పక్షం వకీలు వీధిలో నిలబడి ఉన్నాడు, అమీనా ఎక్కడ మొహమాటపడతాడా అని. ఇరుగుపొరుగంతా అరుగులెక్కారు. ఈయనకు ఒళ్లు చెమట పట్టింది. భయపడ్డ మనిషి రూలును గట్టిగా పట్టుకుంటాడు. మూడు, మళ్లీ మూడు తట్టారు. పక్కకు తప్పుకున్నారు. గొంతెత్తి, ఫలానావారి భార్య ఫలానా, బయటికి రావాలి అని, పుట్టి బుద్ధెరిగాక నోటితో పలకని ఆ పేరును ఇంటిపేరుతో సహా వీధికంతా వినబడేలా పిలిచారు.

అక్క తలుపు తీసింది. తమ్ముణ్ణి చూసింది. ఈయన గిన్నె తీసుకుని కాగితం చుట్టబోతే చేతిలోంచి లాక్కుని, చుట్టకుండానే బండిలో పెట్టింది. బావ ఆ దిగులుతోనే మంచం పట్టి రెండో ఏడు పోయాడు. బావ పోయిన రోజు అమీనా గారు వెళ్లారు గానీ, వీధి మలుపు దాటి కాలు ముందుకు పడలేదు. అక్కడే స్తంభం పక్కన నిలబడి, జనం వెళ్లిపోయాక వెనక్కొచ్చేశారు.

ఆ తర్వాతే ఆదివారాలు మొదలయ్యాయి. అక్క ఒక మేడ మీది వాటాలో అద్దెకుంటోంది. వీలైన ఆదివారమల్లా ఈయన వెళ్లి ఆ తలుపు తట్టేవారు. తట్టి గోడకు ఆనుకుని వినేవారు. లోపల కుళాయి కట్టేసిన చప్పుడు, లేదా గరిట ఆగిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. అక్కా అని పిలుద్దామని నోరు తెరిస్తే ఆ రోజు వీధిలో పిలిచిన పిలుపు గొంతులో అడ్డం పడేది. పిలిచే హక్కు పోగొట్టుకున్నవాణ్ణి, తలుపు తీస్తే అదే పదివేలు అనుకుని, కాసేపు నిలబడి దిగిపోయేవారు. ఇంట్లో ఉండి తలుపు తీయలేదు. ఇన్నేళ్ల రిపోర్టుల్లో ఆయన రాసిన వాక్యమే, ఇప్పుడు మనసులో రాసుకునేవారు. కోపం తగ్గలేదన్నమాట అనుకునేవారు. ఆయన బతుకులో అంతకు మించిన దుఃఖం లేదు.

ఇలా ఉండగా నాలుగైదు దేశాల కోర్టు సిబ్బందికీ అమీనాలకూ కలిపి రాజధానిలో ఒక శిక్షణ పెట్టారు. సంసారులెవరూ వారం రోజులు దానికి పోవడానికి ఒప్పుకోలేదు. నాజరు గారు ఈయన్ని పిలిచి, "మీరెళ్లండి అమీనా గారూ. మీకేముంది, సాయంత్రం ఎదురుచూసేవాళ్లా పాడా" అన్నారు. ఆయన మంచివారే. మాట అలా వచ్చేసింది. "వెళ్తానండి" అన్నారు అమీనా గారు.

శిక్షణ ఒక పెద్ద హాల్లో. లోపలికి వెళ్లగానే చెవుల్లో పెట్టుకునే యంత్రం ఒకటిచ్చారు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఒక అమ్మాయి మెత్తటి గొంతుతో దాన్ని ఈయన భాషలోకి మార్చి చెవిలో చెప్పేది. అంత దగ్గరగా ఒక మనిషి గొంతు విని చాలాకాలమైంది ఈయనకు. భోజనాల వేళ యంత్రం తీసేయమంటే కాస్త దిగులేసింది కూడా.

ఒక దేశపు అమీనా మెడలో పట్టీ వేసుకుంటాడట. ఇంకో దేశంలో తాళాలు తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్తారట. వేరొక చోట ఆడవాళ్లే ఎక్కువట. పేర్లు వేరు, టోపీలు వేరు. కానీ మొదటి రోజు అందరూ గోడకు వీపు ఆనేలా, గుమ్మం కనబడేలా కుర్చీలు వెతుక్కునేసరికి హాలు మధ్యంతా ఖాళీగా ఉండిపోయింది. పాఠం చెప్పడానికి వచ్చిన టీచరమ్మ కూడా ఒకప్పుడు అమీనాయే. ఆ ఖాళీని చూసి నవ్వి, తన కుర్చీని కూడా గోడ వారకే లాక్కుంది.

రెండో రోజు ఆమె అడిగింది, "మీ అందరి దేశాల్లోనూ ఒకేలా ఉన్న రూలు ఏది?" రోగి ఉన్న ఇంటి మీదికి పోకూడదు అని ఒకరన్నారు. మా దేశంలో అలా లేదే అన్నారు ఇంకొకరు. పనిముట్లు ముట్టుకోకూడదన్నారు, చీకటి పడ్డాక తట్టకూడదన్నారు. ప్రతిదానికీ ఎవరో ఒకరు తల అడ్డంగా ఊపారు. చివరికి టీచరమ్మే చెప్పింది, "సొంతవాళ్ల ఇంటి కాగితం ముట్టుకోకూడదు. ఇది రాసుకోని దేశం లేదు. ఎందుకంటారు?"

"మొహమాటపడతామని" అన్నారు ఎవరో.

"అది ఒకటి. రెండోది, మొహమాటపడలేదని నిరూపించుకోవడానికి పరాయివాళ్ల కంటే కఠినంగా ఉంటామని."

అమీనా గారు తల వంచుకుని చెవి యంత్రాన్ని సర్దుకున్నారు. అది సరిగ్గానే ఉంది. చేతులు కాలాక ఆకులు అంటే ఇదే గదా అనిపించింది.

మరునాడు హాలు మధ్యలో ఒక తలుపు నిలబెట్టారు. చుట్టూ గోడల్లేవు, చట్రంలో బిగించిన తలుపు, దాని ఒక పక్కన గోడకు బదులు ఒక చెక్క తెర. వెనక ఒక కుర్చీ, చిన్న బల్ల. ఒకరు లోపలి మనిషిగా కూర్చోవాలి. మిగతావారు తమ దేశంలో ఎలా వస్తారో అలా వచ్చి తట్టాలి. లోపల కూర్చోవడానికి ఎవరూ లేవలేదు. టీచరమ్మ చూపు తిరిగి తిరిగి అమీనా గారి మీద ఆగింది.

ఆయన వెళ్లి కూర్చున్నారు. ఎవరో టీ కప్పు చేతికిచ్చారు, ఇంట్లో ఉన్నట్టుండాలని. తలుపు పక్కనుంచి చూస్తే అందరూ కనబడుతూనే ఉన్నారు, నవ్వుతూనే ఉన్నారు. ఈయనా నవ్వుతూ కప్పు నోటి దాకా ఎత్తారు. మొదటివాడు చలిదేశపు మనిషి, తాటిచెట్టంత పొడుగు. తలుపు అవతలికి వెళ్లి మాయమయ్యాడు.

దబ్ దబ్ దబ్. ఆగి, దబ్ దబ్ దబ్.

సముద్రాల అవతలి మనిషి. భాష తెలియదు, తిండి తెలియదు. తట్టు మాత్రం అచ్చంగా ఈయనదే. ఆ తర్వాత నిశ్శబ్దం. అవతలివాడు వింటున్నాడు.

అమీనా గారి చేతిలో కప్పు అక్కడే ఆగిపోయింది. దించితే బల్ల మీద చప్పుడవుతుంది. తాగితే గుటక వినబడుతుంది. కాళ్లు వాటంతటవే నేల మీంచి కాస్త లేచాయి, చెప్పులు రాసుకోకుండా. తలుపుకున్న చిన్న అద్దపు కన్నంలో వెలుగే తప్ప మనిషి నీడ లేదు. తట్టినవాడు పక్కకు తప్పుకున్నాడు. మనిషి లేని తట్టు. ఇది ఆట అని తెలుసు, హాలు నిండా జనం ఉన్నారని తెలుసు. అయినా మెడ మీది మచ్చ దగ్గర చెమట దిగింది.

"చాలు" అంది టీచరమ్మ. "ఆ కప్పు ఎందుకు దించలేదు?"

"చప్పుడవుతుందని."

"తలుపు తీయకపోతే మీ రిపోర్టులో ఏం రాస్తారు?"

"ఇంట్లో ఉండి తీయలేదని."

"ఎందుకు తీయలేదో రాస్తారా?"

"దానికి చోటు లేదమ్మా అందులో" అన్నారు అమీనా గారు. ఆ మాట చెవుల్లోని అమ్మాయి తన మెత్తటి గొంతుతో అన్ని భాషల వాళ్లకూ చేరవేసింది. ఎవరూ నవ్వలేదు. ఈయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

టీ విరామంలో పొడుగాయన వచ్చి, భాష మార్చే అమ్మాయిని పిలిచి, గాభరాపెట్టినందుకు ఏమనుకోవద్దని చెప్పించాడు. ఆ తర్వాత తన సంగతి చెప్పుకొచ్చాడు. "మా ఆవిడ నన్ను ఇంటి తలుపు తట్టనివ్వదు. పెళ్లైన కొత్తలో ఒకసారి తడితే చేతిలో గిన్నె వదిలేసింది. అప్పట్నుంచి వీధి మొదట్లోనే ఈల వేసుకుంటూ వస్తాను, వచ్చేది నేనేనని తెలియడానికి." అంటూ ఆ ఈల వేసి చూపించాడు కూడా. అమ్మాయి నవ్వింది.

అమీనా గారికి నవ్వు రాలేదు. కుళాయి కట్టేసిన చప్పుడు వినబడుతోంది ఆయనకు. గరిట ఆగిన చప్పుడు. ఇన్నేళ్లూ ఆ చప్పుళ్లను కోపం అనుకున్నారు. కోపమైతే గిన్నె విసురుగా పెడుతుంది గానీ గరిట ఆపదు కదా. ఆ మేడ మీద ఒంటరిగా ఉన్న ఆడమనిషికి, ఆ తట్టుతోనే ఇల్లు పోగొట్టుకున్న మనిషికి, కన్నంలోంచి చూస్తే ఎవరూ కనబడని తట్టు. ఒక్కనాడైనా నేనే అని చెప్పారా? చెప్పలేదు. అంత చెవి ఉండి ఏం లాభం అని తన్ను తాను తిట్టుకున్నారు. ఆ వారంలో మిగిలిన పాఠాలు చెవి దాకా వచ్చాయి గానీ లోపలికి పోలేదు.

చివరి రోజు పట్టాలిచ్చారు, ఫోటో తీశారు. ఫోటోలో అందరూ ఓ పక్కకు తప్పుకోబోతే ఫోటోగ్రాఫరు బతిమాలి మధ్యకు తెచ్చుకున్నాడు. మరునాడు ఊళ్లో బస్సు దిగి, చుట్టిన పట్టా చంకలో పెట్టుకుని, అమీనా గారు గదికి పోకుండా నేరుగా అక్క ఉండే వీధికి పోయారు.

మెట్లెక్కారు. తలుపు ముందుకొచ్చారు. గుప్పెట దానంతటది బిగుసుకుంది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించి, ఇన్నేళ్లలో మొదటిసారిగా ఒక మూసిన తలుపుకు ఎదురుగా, అద్దపు కన్నానికి సూటిగా నిలబడ్డారు. మెడ మీద మచ్చ జివ్వుమంది.

"అక్కా" అన్నారు. చాలా చిన్నగా వచ్చింది. మళ్లీ, "అక్కా, నేనే."

లోపల కుళాయి ఆగింది. అడుగులు వచ్చాయి. కన్నంలో వెలుగు పోయి నల్లబడింది. గొలుసు తీసిన చప్పుడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది. అక్క జుట్టంతా నెరిసిపోయింది. తమ్ముడి మొహం చూడలేదు ముందు. అతని భుజాల మీదుగా మెట్ల వైపు, అటూ ఇటూ చూసింది.

"ఒక్కడివేనా? వెనకాల ఎవరూ లేరు కదా?"

"లేరక్కా."

చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపేసి గడియ పెట్టింది. అప్పుడు చూసింది మొహంలోకి. "చిక్కిపోయావురా" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నీకు కబురు పెడదామనుకుని, ఏ మొహం పెట్టుకుని పెట్టాలో తెలియక ఊరుకున్నా. ఆ దాయాదికి ఇంకా కసి తీరలేదురా. కోర్టువాళ్లని ఈ వాటా మీదికి కూడా పంపిస్తున్నాడు. ఆదివారాలు చూసి వస్తారు, ఆఫీసులు ఉండవు, నేను ఎవరికీ చెప్పుకోలేనని కాబోలు. తడతారు, పలకరు. చూస్తే ఎవరూ కనబడరు. నువ్వు ఓసారి ఆఫీసులో కనుక్కోరా. నువ్వు అడిగితే ఆపుతారేమో" అంది.

అమీనా గారు చుట్టూ చూశారు. అలమర ఖాళీగా ఉంది. గుమ్మం పక్కన ట్రంకుపెట్టె, దాని మీద తాళ్లు. పూర్తిగా పడని మూత సందులోంచి గిన్నెలు కనబడుతున్నాయి, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి. వండుకోవడానికి ఒక గిన్నె, తినడానికి ఒక పళ్లెం బయట ఉన్నాయి, అంతే. ఎన్నేళ్లుగా అలా ఉందో.

"ఎవరూ పంపలేదక్కా" అన్నారు. "ఆ తట్టింది నేనే."

అక్కకు అర్థం కాలేదు. "నువ్వెందుకు తడతావు?"

"నిన్ను చూద్దామని వచ్చేవాణ్ణి. తీస్తావేమో అని."

"అన్ని ఆదివారాలూ?"

"వీలైనప్పుడల్లా."

అక్క మెల్లగా ట్రంకుపెట్టె మీద కూర్చుంది. తమ్ముడి కుడిచెయ్యి అందుకుని తిప్పి చూసింది. గుప్పెట అడుగున తోలు మొద్దుబారి కాయ కాసింది. ఆ కాయను బొటనవేలితో నొక్కి నొక్కి చూసింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోనూ లేదు.

"ఈ చేతికి బలపం పట్టుకోవడం నేర్పింది నేనురా" అంది చివరికి. "ఎవరి చెయ్యో అనుకుని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను, ఇన్నాళ్లూ."

"తప్పైపోయిందక్కా. ఆ రోజు వీధిలో కూడా."

"ఆ రోజు సంగతి ఇప్పుడెత్తకు." కాసేపటికి తనే ఎత్తింది. "ఇల్లు పోయినందుకు కాదు. పేరు పెట్టి పిలిచావు చూడు. ఎవరిని పిలుస్తున్నావో అర్థం కాలేదు నాకు. ఆ పేరుగల మనిషి ఇంకెవరో ఉన్నారనుకున్నా ఒక్క క్షణం."

ఆమె లేచి ట్రంకుపెట్టె మూత తీసింది. ఒక్కొక్క గిన్నె అందిస్తే ఈయన కాగితం విప్పి అలమరలో పెట్టారు. ఎన్ని ఇళ్ల సామానో బయట పెట్టించిన మనిషికి లోపల సర్దడం చేతకాలేదు. పెద్దవి ముందూ చిన్నవి వెనకా పెడుతుంటే అక్క విసుక్కుని మళ్లీ తీసి పెట్టింది. ఆ విసుగు ఆయన ఎన్నేళ్లుగా వినలేదు. బావ పళ్లెం దగ్గర మాత్రం ఇద్దరి చేతులూ ఆగాయి. దాన్ని అక్క తీసుకుని తనే పై అరలో పెట్టింది.

పొద్దు వాలుతుంటే బయల్దేరారు. "ఆదివారం వస్తాను" అన్నారు. అక్క తల ఊపింది, "తట్టకు మరి" అంది.

మెట్లు దిగుతుంటే వెనక గడియ పడింది, గొలుసు పడింది. కింది మెట్టు దగ్గరికి వచ్చేసరికి పైన ఇంకో చప్పుడు మొదలైంది. ఖాళీ ట్రంకుపెట్టెను తలుపుకు అడ్డంగా ఈడుస్తోంది అక్క. అలవాటు. ఒక్క పూటలో పోయేది కాదు. అమీనా గారు అక్కడే నిలబడిపోయి, తల పైకెత్తి, వీధిలో వాళ్లందరికీ వినబడేలా, "అక్కా, వెళ్లొస్తానక్కా" అని కేకేశారు.

ఈడ్పు ఆగింది. ఆయన చెవి ఒగ్గారు. కాసేపటికి పెట్టె మళ్లీ కదిలింది, ఈసారి తలుపు దగ్గర్నుంచి లోపలికి.